దూకానా, పడ్డానా

నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎప్పుడూ ఎదుటివాడు ఏం చేశాడో కనుక్కోమంటారు. తానేం చేశాడో కనుక్కోమని అడిగినవాడు, నా పాతికేళ్ళ డిటెక్టివ్ వృత్తిలో, ఈ బైండరు ఒక్కడే.

శనివారం ఉదయం ఎనిమిదీ పదికి ఆసుపత్రి రెండో అంతస్తులో ఆయన మంచం పక్కన కూర్చున్నాను. ఎడమకాలు పిండికట్టులో ఉంది. ఎడమ భుజం చుట్టూ పట్టీ. వయసు యాభై రెండు. పెద్ద లైబ్రరీలో ఇరవై రెండేళ్ళుగా చిరిగిన పుస్తకాలు కుట్టి అట్టలు వేసే పని. గురువారం ఉదయం పదీ నలభైకి, రీడింగ్ హాలు చుట్టూ పదిహేను అడుగుల ఎత్తున ఉన్న ఇనుప బాల్కనీ మీంచి కిందికి వచ్చాడు. నోటుబుక్కులో "వచ్చాడు" అనే రాసుకున్నాను. పడ్డాడు అంటే ఒకరి పక్షం, దూకాడు అంటే ఇంకొకరి పక్షం అవుతుంది. అప్పటికి నాకు ఏ పక్షమూ లేదు.

"అందరూ దూకానంటున్నారు," అన్నాడు ఆయన. నాలుక వాచి మాటలు ముద్దగా వస్తున్నాయి. "నాకేమో గుర్తులేదు. గుర్తులేనివాడు కాదని ఎలా అంటాడు? దూకానా, పడ్డానా, మీరే తేల్చాలి."

తేలితే ఏం చేస్తారని అడిగాను. ఇలాంటి ప్రశ్నలకి మనుషులు కోర్టు అనో ఉద్యోగం అనో జవాబు చెబుతారు. ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"పడ్డానని తేలితే ఇంటికి నేనొక్కణ్ణే వెళ్తాను. దూకానని తేలితే ఆ దూకినవాడు కూడా నాతో వస్తాడు. వాడితో ఒకే గదిలో పడుకోవాలి. వాడు ఎప్పుడు లేస్తాడో తెలీదు."

ఆ తర్వాత నేను అడిగినవన్నీ ఓపిగ్గా చెప్పాడు. ఏడు నెలల కిందట డిప్రెషన్ వచ్చింది. ఏడుపులాంటిదేమీ లేదు. ముందు రుచి పోయింది, తర్వాత జిగురు వాసన పోయింది, ఆ తర్వాత పుస్తకం చేతిలో ఉన్నా అది ఉన్నట్టు తెలియడం మానేసింది. దాని వెనకాలే భయం వచ్చింది. దేనికి భయమో తెలియని భయం. తెల్లవారుజామున మూడింటికి గుండె దడదడలాడుతూ మెలకువ వచ్చేది. డాక్టరు రెండు మాత్రలు రాశాడు. పెద్దది డిప్రెషన్‌కి, పొద్దున ఒకటి. చిన్నది ఆందోళనకి, పూటకొకటి చొప్పున రోజుకి మూడు. పెద్దది పనిచెయ్యడానికి నెలా నెలన్నర పడుతుంది, అంతదాకా చిన్నది మిమ్మల్ని మోస్తుంది అన్నాడట. నిజంగానే మోసింది. మొదటి వారంలోనే నిద్ర పట్టింది.

మాత్రలు ఎవరు ఇస్తారని అడిగాను. ఆయనకి పెళ్ళి కాలేదు. అక్కతో ఉంటాడు. ఏడు రోజులకి ఇరవయ్యొక్క గదులున్న ప్లాస్టిక్ పెట్టె ఒకటుంది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం అక్క దాన్ని నింపుతుంది. ఆయన ఏ పూటా మర్చిపోలేదు. ఇప్పుడు ఆ పెట్టె నర్సు దగ్గర ఉంది. దూకాడన్న అనుమానం ఉన్న మనిషి చేతికి మందులు ఇవ్వకూడదని బీరువాలో పెట్టి తాళం వేసింది. ఉదయం ఏడింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకి, రాత్రి తొమ్మిదింటికి తనే వచ్చి తన కళ్ళముందే మింగిస్తోంది.

నాలుక చూపించమన్నాను. కుడి అంచు మీద లోతుగా పళ్ళు దిగిన గాటు. పడేటప్పుడు కరుచుకుని ఉంటాడని కేసు షీటులో ఉందట. పడేటప్పుడు కరుచుకునేవాళ్ళకి సాధారణంగా కొస తెగుతుంది. అంచు తెగడం నేను ఇంకోచోట చూశాను. ఎక్కడో వెంటనే జ్ఞాపకం రాలేదు.

"ఆ వారంలో మీలో కొత్తగా ఏదైనా తోచిందా? ఎంత చిన్నదైనా సరే."

ఆయన కొంచెం సిగ్గుపడ్డాడు. "రుచి తిరిగొచ్చింది. సోమవారం పొద్దున మాత్ర వేసుకుని మంచినీళ్ళు తాగితే నీళ్ళు తియ్యగా ఉన్నాయి. మధ్యాహ్నం కూడా. అక్కకి చెప్పాను. నేను బాగుపడుతున్నాననుకున్నాను సార్. అందుకే నాకు ఇది అర్థం కావడంలేదు. బాగుపడుతున్నవాడు ఎందుకు దూకుతాడు?"

బాగుపడుతున్నవాళ్ళే దూకుతారని పుస్తకాల్లో రాసి ఉంది. అడుగున ఉన్నప్పుడు లేని ఓపిక, కాస్త పైకి వచ్చాక వస్తుంది. ఆ మాట ఆయనతో అనలేదు.

*

లైబ్రరీ బాల్కనీ మీదికి చేరేసరికి తొమ్మిదీ పది అయింది. రెయిలింగు నా నడుము దాకా ఉంది. టేపు పెడితే ముప్పై ఆరు అంగుళాలు. దాని ముందు రెండు మెట్ల చెక్క స్టూలు గురువారం ఉన్నచోటే ఉంది. స్టూలు ఎత్తు పదహారు. దాని మీద నిలబడితే రెయిలింగు మోకాలి కన్నా కొంచెం పైకి వస్తుంది, అంతే. పై అర అందుకోవాలంటే స్టూలు ఎక్కాలి. ఎక్కితే వీపు రెయిలింగు వైపు ఉంటుంది. ఇరవై రెండేళ్ళు ఆయన అలా వీపు వెనక పదిహేను అడుగుల గాలి పెట్టుకుని పని చేశాడు.

ఆయన పనితీరు గురించి లైబ్రేరియన్ వివరంగా చెప్పింది. బైండరు ఒక్కో అర ముందు నిలబడి పుస్తకాలు తీసి చూస్తాడు. బాగుచెయ్యాల్సినది కనపడితే అక్కడికక్కడే పెన్సిలుతో చీటీ రాసి అందులో పెడతాడు. అర నంబరు, ఏం చిరిగింది, తారీకు, సమయం. పాఠకులెవరైనా వచ్చి అడిగితే పుస్తకం ఏ నిమిషంలో అరలోంచి బయటికి వచ్చిందో చెప్పగలగాలని ఆవిడే పెట్టిన నియమం. అటెండర్లు ఈ నియమాన్ని చూసి నవ్వుకునేవారట. బైండరు ఒక్కడే ఇన్నేళ్ళుగా తు.చ. తప్పకుండా పాటించాడు.

సోమవారం నుంచి గురువారం దాకా ఆయన తీసిన అరవై ఒక్క పుస్తకాలు తోపుడు బండి మీద ఉన్నాయి. చీటీలన్నీ తీసి, సమయం ప్రకారం బల్ల మీద వరసగా పరిచాను. సోమవారం చీటీల్లో అక్షరాలు ఆయన వేసే కుట్లలాగే ఉన్నాయి. ఒకటే దూరం, ఒకటే ఎత్తు. మంగళవారం మధ్యాహ్నం నుంచి సున్నాలు సరిగ్గా మూసుకోలేదు. బుధవారం తలకట్లు తెగిపోయి ఎటో పోయాయి. గురువారం పదీ ముప్పై ఒకటికి రాసిన చీటీ, అదే చివరిది, పలక మీద మొదటిసారి దిద్దే పిల్లవాడి రాతలా ఉంది.

"చేతిరాత చూసి జాతకం చెబుతున్నావా గురూ?"

వెనక్కి తిరగకుండానే ఎవరో తెలిసింది. ఒకే ఆఫీసులో పదకొండేళ్ళు ఎదురెదురు బల్లల దగ్గర కూర్చున్నాం. ఎవరు ఎంతసేపు మాట్లాడారో, ఎంతసేపు మౌనంగా ఉన్నారో గడియారం పెట్టి కొలిచే అలవాటు వల్ల అందరం అతన్ని స్టాప్‌వాచ్ అనేవాళ్ళం. అతను దాన్ని పొగడ్తగానే తీసుకున్నాడు. ఇప్పుడు లైబ్రరీ ట్రస్టు తరఫున పనిచేస్తున్నాడు. పడ్డాడని తేలితే రెయిలింగు తప్పు. దూకాడని తేలితే రెయిలింగు మంచిదే. సమయం పదీ ఐదు.

అతను తన లెక్క చెప్పాడు. చివరి చీటీ పదీ ముప్పై ఒకటి. చప్పుడు విని రీడింగ్ హాల్లో వాళ్ళు లేచి చూసింది పదీ నలభై. బైండరు సగటున ఆరు నిమిషాలకొక చీటీ రాస్తాడు. స్టూలు మీద తొమ్మిది నిమిషాలు పని చెయ్యకుండా నిలబడ్డాడు.

"తొమ్మిది నిమిషాలు గురూ. పని మానేసి అక్కడ నిలబడి ఏం చేశాడంటావ్? ధైర్యం కూడగట్టుకున్నాడు. నేను ఇలాంటివి ఏడు చూశాను. ఏడింట్లోనూ అలా ఓ ఖాళీ ఉంది."

ఆ తొమ్మిది నిమిషాలు నన్ను కూడా పొద్దుటి నుంచి తొలుస్తున్నాయి. నేను పని చేసే పద్ధతి ఒకటుంది. పోయిన సమయం కోసం వెతకను. ఆ సమయంలో చేతులు ఎక్కడ ఉన్నాయో వెతుకుతాను. స్టూలు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తల వంచి, కింది అర అడుగున టార్చి వేశాను. నేలకీ అరకీ మధ్య మూడు వేళ్ళ సందు ఉంది.

"ఏంటి, సాష్టాంగం కూడా చేస్తావా?" అన్నాడు స్టాప్‌వాచ్.

స్కేలుతో లాగితే ఉండచుట్టిన చీటీలు మూడు బయటికి వచ్చాయి. వాటి వెనకాల ఉండచుట్టనిది ఇంకొకటి. బల్ల మీద ఒక్కొక్కటే విప్పి చదును చేశాను. మొదటిదాంట్లో అర నంబరు సగం దాకా ఉంది. రెండోదాంట్లో ఒకే ఒక్క అంకె. మూడోదాంట్లో పెన్సిలు మొన కాగితాన్ని చీల్చేసింది. నాలుగోదాంట్లో అర నంబరు మొత్తం ఉంది, పెద్ద పెద్ద అంకెల్లో, అడ్డదిడ్డంగా, కానీ మొత్తం ఉంది. దాని కింద తారీకు మొదలుపెట్టాడు. తారీకు మధ్యలోంచి ఒక గీత బయల్దేరి కాగితం అంచు దాటి పోయింది.

స్టాప్‌వాచ్ చాలాసేపు ఆ గీత వైపే చూశాడు. అతను గడియారం తియ్యకపోవడం నేను గమనించాను.

"తొమ్మిది నిమిషాలూ చీటీ రాస్తున్నాడు," అన్నాను. "రానంటున్న చేత్తో. చచ్చిపోదామనుకున్నవాడు నాలుగోసారి అర నంబరు సరిగ్గా రావాలని చూడడు."

"చేతులెందుకు వణికాయి? భయంతో కాదూ?"

"మంగళవారం నుంచీ వణుకుతున్నాయి."

"అయితే మంగళవారం నుంచీ ఆలోచిస్తున్నాడు." ఇది చెప్పి అతను లోపలి జేబులోంచి కవరు తీశాడు. "నువ్వు ఇవాళ అరల కింద పాకుతున్నావు. నేను నిన్ననే బల్లల సొరుగులు చూశాను. జిగురు డబ్బాల వెనకాల దొరికింది."

నాలుగు మడతల కాగితం. తారీకు లేదు. "అక్కా, నన్ను క్షమించు. ఇక నా వల్ల కావడంలేదు. నా పనిముట్లు పని తెలిసినవాళ్ళెవరికైనా ఇచ్చెయ్యి. నువ్వేం తప్పు చెయ్యలేదు." బైండరు రాతే. అనుమానం లేదు.

దాన్ని సోమవారం చీటీ పక్కన పెట్టాను. తర్వాత గురువారం చీటీ పక్కన పెట్టాను. స్టాప్‌వాచ్ తెలివైనవాడు. నేను నోరు విప్పక ముందే అతని ముఖం మారింది. ఉత్తరంలో ప్రతి సున్నా మూసుకుని ఉంది. తలకట్లు తిన్నగా ఉన్నాయి. ఇది రాసిన చెయ్యి వణకడంలేదు. మంగళవారం తర్వాత రాసింది కాదు. మడతల దగ్గర కాగితం అరిగి పసుపెక్కి ఉంది కాబట్టి నెలల కిందటిది. మందులు పనిచెయ్యని రోజుల్లో రాసి ఉంటాడు. ఆ తర్వాత చిన్న మాత్ర ఆయన్ని నిద్రపుచ్చింది, పెద్ద మాత్ర మెల్లగా లేపింది, ఉత్తరం జిగురు డబ్బాల వెనక మిగిలిపోయింది. చించెయ్యడానికి కూడా గుర్తుండనంతగా అందులోంచి బయటపడ్డాడు.

"ఇవన్నీ నీ ఊహలు," అన్నాడు స్టాప్‌వాచ్. గొంతులో మాత్రం మునుపటి బిగువు లేదు. "అతను ఒప్పుకున్నాడు కదా."

ఏం ఒప్పుకున్నాడని అడిగాను. నేను ఆసుపత్రి నుంచి వచ్చేశాక, తొమ్మిదిన్నరకి తను వెళ్ళాడట. ఉత్తరం చూపించాడట. బైండరు అది చదివి, తను రాసిన సంగతే మర్చిపోయానని, ఇలాంటిది రాసినవాడు దూకే ఉంటాడని అన్నాడట. కాగితం మీద "నేను దూకి ఉండవచ్చు" అని రాయించి సంతకం తీసుకున్నాడు.

"నేను బలవంతం చెయ్యలేదు గురూ. పెన్ను అతనే అడిగాడు. అబద్ధమైతే నా పేరు మార్చేసుకుంటా."

అబద్ధం కాదని నాకు తెలుసు. అదే నన్ను భయపెట్టింది. తన గురించి తనకి ఏమీ గుర్తులేని మనిషి చేతిలో సరిగ్గా సరిపోయే జ్ఞాపకం ఒకటి పెడితే దాన్ని తొడుక్కుంటాడు. దూకినవాడు అప్పుడే ఆ మంచం మీదికి చేరాడు.

కాగితం చూపించమన్నాను. ట్రస్టు వాళ్ళకి ఒంటిగంటకి ఇవ్వాలి, చూసి ఇచ్చెయ్యమన్నాడు. చూశాను. రాసిన విషయం కన్నా రాసిన తీరు నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది. సంతకం గురువారం నాటి చివరి చీటీ కన్నా ఘోరంగా ఉంది. మొదటి అక్షరం మూడుసార్లు దిద్దాడు. దెబ్బ తగిలింది ఎడమవైపు. కుడిచెయ్యి బాగానే ఉంది. ఆందోళన తగ్గించే మాత్ర ఈ ఉదయం ఏడింటికి నర్సు కళ్ళముందు మింగాడు. రెండున్నర గంటల తర్వాత చెయ్యి ఇలా కొట్టుకుంటోంది.

నాలుక అంచు మీద గాటు ఇంతకు ముందు ఎక్కడ చూశానో అప్పుడు జ్ఞాపకం వచ్చింది. మూర్ఛలు వచ్చేవాళ్ళలో.

*

లైబ్రేరియన్ బల్ల మీది ఫోనులోంచి బైండరుకి మందులు రాసిన డాక్టరుతో మాట్లాడాను. ఆయన జాగ్రత్తపరుడు. పేషంటు విషయాలు బయటివాళ్ళకి చెప్పనన్నాడు. నన్ను పెట్టుకున్నది పేషంటేనని చెప్పి, తర్వాత వణుకు గురించి, నాలుక గురించి చెప్పాను. అవతలి వైపు కుర్చీ చప్పుడైంది.

ఆ చిన్న మాత్ర మంచిదా చెడ్డదా అని అడిగితే, అది అడగాల్సిన ప్రశ్న కాదన్నాడు. గోడ కడుతున్నప్పుడు పడిపోకుండా కర్ర పోటు పెడతాం. పోటు లేకపోతే కొందరి గోడ ఆరకముందే కూలిపోతుంది. బైండరు ఆ మొదటి నెల దాటడానికి ఆ మాత్రే కారణమని తన నమ్మకం. కానీ నెలకని పెట్టిన పోటు ఆరు నెలలు ఉండిపోయింది. పేషంటు తీయించుకోలేదు, తనూ గట్టిగా పట్టించుకోలేదు, అందులో తన తప్పు ఉంది. ఈలోగా ఒళ్ళు దానికి అలవాటు పడింది. రెండు వారాల కిందట కాగితం రాసిచ్చాడు. పక్షానికి పావు వంతు చొప్పున, దాదాపు రెండు నెలలు పట్టేలా తగ్గించుకుంటూ రావాలని.

"ఒక్కసారిగా మానేస్తే?"

"రెండు మూడు రోజుల్లో వణుకు మొదలవుతుంది. చెమటలు పడతాయి, నిద్ర ఉండదు. కొందరికి మూర్ఛ వస్తుంది. అది ఆగకుండా వస్తే ప్రాణం మీదికొస్తుంది. కానీ మీ మనిషి మానలేదుగా. పెట్టెలో లెక్క సరిపోయిందని ఆసుపత్రి వాళ్ళు నాకు చెప్పారు."

లెక్క సరిపోయింది. అందరూ లెక్కే చూశారు. ఆ మాత్ర ఎలా ఉంటుందని అడిగాను. చిన్నది, తెల్లది, సగానికి విరవడానికి మధ్యలో గాడి ఉంటుందన్నాడు. రుచి? కొద్దిగా చేదు. ఎవరికీ తియ్యగా ఉండదా అంటే, అదేం ప్రశ్నండీ అన్నాడు.

*

బైండరు అక్క ఇంటికి చేరేసరికి పన్నెండున్నర అయింది. తలుపు తీసి, నన్ను చూసి, ఏమీ అడగకుండా పక్కకి తప్పుకుంది. ముందు గదిలో కుట్టుమిషను, దాని మీద సగం కుట్టిన స్కూలు యూనిఫాములు. అరవై మూడేళ్ళ మనిషి. తల్లి పోయినప్పుడు తమ్ముడికి నాలుగేళ్ళు, తనకి పదిహేను. అప్పటి నుంచీ వాడికి అమ్మా నాన్నా నేనే బాబూ అంది. గొప్పగా కాదు, వయసు చెప్పినట్టు చెప్పింది.

టీ తెచ్చింది. రెండు కప్పులు. తన కప్పు దగ్గర అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ డబ్బా పెట్టుకుని, మీట నొక్కి రెండు చిన్న బిళ్ళలు టీలో వేసుకుంది. తనకి షుగరు ఉందని, పంచదార ముట్టనని, నాకు కావాలంటే తెస్తానని అంది. ఆ డబ్బా ఒకసారి ఇవ్వమన్నాను. నా అరచేతిలో ఒక బిళ్ళ నొక్కాను. చిన్నది, తెల్లది. మధ్యలో గాడి లేదు. నాలుక మీద పెట్టుకున్నాను.

ఆవిడ నన్నే చూస్తోంది. కప్పు మెల్లగా సాసరులో పెట్టింది.

"ఆదివారం నుంచి," అంది.

నేను అడక్కుండానే చెప్పుకుంటూ పోయింది. డాక్టరు కాగితం తెచ్చుకున్న రోజున తమ్ముడు అన్నం తినలేదు. ఇది తీసేస్తే నేను ఉండనక్కా అన్నాడు. కాగితం సొరుగులో పెట్టేసి మామూలుగానే మూడు పూటలా వేసుకోసాగాడు. వాళ్ళ నాన్న పదకొండేళ్ళు నిద్రమాత్రలు మింగాడు. ఆఖర్న దిండు గలీబులో దాచుకుని, సొంత కూతుర్ని దొంగని చూసినట్టు చూసేవాడు. వీడూ అలా అయిపోతాడనుకుంది.

"వాడి భయమంతా మాత్ర పోతుందని బాబూ. పోయిన సంగతి వాడికి తెలియకపోతే భయం ఎక్కడి నుంచి వస్తుంది? చిన్నప్పుడు వాడికి దీపం ఉంటే గాని నిద్రపట్టేది కాదు. పడుకున్నాక ఆర్పేసేదాన్ని. పొద్దున లేచి, రాత్రంతా దీపం ఉంది కదూ అక్కా అనేవాడు. ఉందిరా అనేదాన్ని. అలాగే మానిపించాను."

"కాగితంలో కొంచెం కొంచెంగా తగ్గించాలని ఉందిగా?"

"చదివాను. అలా తగ్గిస్తే వాడికి తెలిసిపోతుంది. ముక్కలు కనిపిస్తాయి." కుట్టుమిషను మీది యూనిఫాము మడతపెట్టింది. "సోమవారం రాత్రి వచ్చి, అక్కా, నాకు రుచి తెలుస్తోంది అన్నాడు. ఏడు నెలల తర్వాత. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. మందు పోయింది, మనిషి తిరిగొచ్చాడు అనుకున్నాను."

అప్పుడు ఆవిడ కళ్ళు నా అరచేతి వైపు తిరిగాయి. నేను నోట్లో వేసుకున్నది ఏమిటో, తమ్ముడికి తియ్యగా తగిలినది ఏమిటో, ఆ రెండూ అప్పుడే ఆవిడ మనసులో కలిశాయి. ఆ కలవడం నేను కళ్ళతో చూశాను. చూడాలని ఎవరూ కోరుకోని దృశ్యం అది. ముఖంలో ఏదీ కదల్లేదు. కుట్టుమిషను చక్రం మీద చెయ్యి మాత్రం పట్టు కోసం వెతుక్కుంది.

"అది రుచి కాదన్నమాట," అంది.

నేను మూర్ఛ సంగతి చెప్పాను. చీటీల సంగతి చెప్పాను. తమ్ముడు దూకలేదని చెప్పాను. ఆవిడ అంతా విని, దూకాడనే తనూ అనుకున్నానంది. మాత్ర తీసేసినందుకే దూకాడనుకుంది. ఆసుపత్రిలో పెట్టె అడిగితే ఇంటికి వచ్చి అదే పట్టుకెళ్ళి ఇచ్చింది. దారిలో అసలువి మార్చిపెట్టాలని తోచింది. మారిస్తే చేసిన పని తనకి తానే ఒప్పుకున్నట్టవుతుంది. మార్చలేదు.

"ఇంకా అవే వేస్తున్నారా వాడికి?"

"ఉదయం ఏడింటికి కూడా," అన్నాను. "ఆరు రోజులైంది."

ఆవిడ లేచి గుండీల డబ్బా తెచ్చింది. గుండీల అడుగున గుడ్డలో మూటకట్టిన మాత్రలు, ఒక్కొక్కదాని మధ్యలో గాడి. పారెయ్యడానికి చెయ్యి రాలేదంది.

పన్నెండూ యాభైకి వార్డుకి ఫోను చేశాను. నర్సుకి రెండు ముక్కలు చెప్పాను. పెట్టెలోవి మందులు కావు, వెంటనే డ్యూటీ డాక్టరుని పిలవండి. ఆవిడ ఒక్క ప్రశ్న కూడా వృథా చెయ్యలేదు. పొద్దుటి నుంచి ఆయన చెమటలతో తడిసిపోతున్నాడని, దిగులనుకున్నామని అంది. పరుగు చప్పుడు, బీరువా తాళం, ఎవరో మగగొంతు. మందులు రాసిన డాక్టరు నంబరు ఆ డ్యూటీ డాక్టరుకి ఇచ్చాను. రెండు నిమిషాల్లో అతనే మళ్ళీ లైనులోకి వచ్చి, అసలు మాత్ర మొదలుపెడుతున్నామని, మనిషిని కదలకుండా చూస్తామని, ఈ రాత్రి గడిచేదాకా ఏమీ చెప్పలేనని అన్నాడు.

పేషంటుతో ఒక్క మాట మాట్లాడనిస్తారా అని అడిగాను. నర్సు ఫోను మంచం దగ్గరికి తీసుకెళ్ళింది.

"తేలిందా?" అన్నాడు బైండరు. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

"తేలింది. మీరు దూకలేదు. చీటీ రాస్తుండగా మూర్ఛ వచ్చింది. పడిపోయారు. ఆ ఉత్తరం నెలల కిందటిది, గురువారానికి దానికి సంబంధం లేదు. రాత ఋజువు నా దగ్గరుంది."

చాలాసేపు ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు. పక్కన నర్సు ఏదో అంటోంది. ఒక మనిషి తన గదిలోంచి ఇంకొకణ్ణి బయటికి పంపి తలుపు వేసుకోవడానికి ఎంతసేపు పడుతుందో, స్టాప్‌వాచ్ ఉంటే కొలిచేవాడు.

తర్వాత ఆ ముద్దమాటల్లోనే, నెమ్మదిగా, పుస్తకం కుట్టు ఎక్కడ తెగిందో వెతికే మనిషిలా అడిగాడు.

"మానేస్తేనే మూర్ఛ వస్తుందని డాక్టరు చెప్పారు సార్. నేను ఒక్క పూట కూడా మానలేదు. మరి ఎందుకొచ్చింది?"

జవాబు నా నోటి దాకా వచ్చి ఆగింది. అది నా కేసుకి సంబంధించిన జవాబే. కానీ చెప్పే హక్కు నాది కాదు. ఇప్పుడు, ఈ స్థితిలో, ఆయన దాన్ని ఎలా తట్టుకుంటాడో ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు.

అక్క ఎదురుగా నిలబడి ఉంది. ప్రశ్న ఆవిడకి వినపడింది. చెయ్యి చాపింది. ఫోను ఇచ్చాను.

"చిన్నోడా," అంది. "నేనురా. విను. దీపం నేనే ఆర్పాను."